రాలిన ఆకుకు చోటు

జనవరి 5, 2025, ఆదివారం

బాదం ఆకు ఎర్రబడి రాలుతోంది. టేకులు ఇప్పటికే సగం బోడులయ్యాయి. ఇంకో నెల పోతే కానుగలు, వాటి వెనకే రావి, వేప. ఉగాదికి చిగురు వేసేదాకా మా కాలనీకి ఇది ఆకు రాలే కాలం, అంటే పొగ కాలం.

ఈ ఉదయం నడకకు వెళ్తే వీధి మలుపు తిరిగిన చోటల్లా ఒక కుప్ప రాజుకుంటోంది. మంట కనపడదు. మంచుకు తడిసిన ఆకు భగ్గున మండదు, లోలోపల మగ్గుతూ చిక్కటి తెల్లపొగ వదులుతుంది. బాగా మండే మంట కంటే ఇలా మగ్గే కుప్ప నుంచే పొగ ఎక్కువ, కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ, ఊపిరితిత్తుల్లోకి దిగే సన్నని నుసి ఎక్కువ. పైగా చలికాలం తెల్లవారుజామున నేలను అంటుకున్న గాలి చల్లగా, దాని పైపొర వెచ్చగా ఉంటుంది. ఆ పైపొర గిన్నె మీద మూతలా కూర్చుంటుంది, పొగను పైకి పోనివ్వదు. పొగ వీధిలోనే, మొదటి అంతస్తు కిటికీల ఎత్తులోనే తిరుగుతుంది. పిల్లలు స్కూలు బస్సు కోసం గేటు ముందు నిలబడేది సరిగ్గా ఆ వేళకే.

జనవరి 7, మంగళవారం

మా వీధి ఊడ్చే ఆమెతో ఇవాళ తీరిగ్గా మాట్లాడాను. ఎందుకు కాలుస్తున్నావమ్మా అంటే కోపం తెచ్చుకోకుండా ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పింది.

"నాకేమన్న సరదానా టీచరమ్మా? ఎనిమిది గొట్టేలోపల రోడ్డు మీద ఆకు కనపడొద్దంటడు మా సారు. చెత్త ఆటోడు ఆకు ఏస్కోడు. ఇంగ యాడ ఎయ్యాలె? నాలాల ఏస్తే వానకు జామ్ అయితది, మళ్ల నన్నే తిడతరు."

"పొగంతా నీకే కదా కొడుతోంది?"

"దగ్గైతది. కొంగు కట్టుకుంట. మా బస్తీల అందరికీ ఉంది ఈ దగ్గు."

ఆమె పీల్చే నుసి 2.5 మైక్రాన్ల కన్నా సన్నం. మన తల వెంట్రుక మందం 50 నుంచి 70 మైక్రాన్లు ఉంటుంది. చీర కొంగు ఆ నుసిని ఆపలేదు. కుప్ప పక్కన గొంతుక్కూర్చుని ఊదేది ఆమె, అందరికంటే ముందు, అందరికంటే ఎక్కువగా పీల్చేదీ ఆమె.

ఆటో అతన్నీ అడిగాను. అతని మాటలోనూ న్యాయముంది. ఆకు బరువు ఉండదు కానీ చోటు తినేస్తుంది. నాలుగిళ్ల ముందరి ఆకు ఎక్కిస్తే ట్రాలీ నిండుతుంది, మిగతా వీధుల తడిచెత్త ఎక్కడ పెట్టుకోవాలి? అట్టలూ సీసాలూ అమ్ముకుంటే నాలుగు డబ్బులొస్తాయి, ఆకు ఎవరు కొంటారు?

ఇద్దరితో మాట్లాడాక నాకు తేలిందొక్కటే. ఈ ఆకుకు చోటు లేదు. అందుకే అగ్గిపుల్ల.

జనవరి 13, సోమవారం

భోగి. కింది వాటావాళ్లు నాలుగింటికే పిల్లల్ని లేపారు. పిడకలు, ఎండు కొమ్మలు, విరిగిన చెక్క పీట. గాలి ఆడేలా పేర్చారు కాబట్టి మంట నిలువునా లేచింది, పొగ తక్కువ. పక్క వీధిలో మాత్రం ఎవరో పాత టైరు, ప్లాస్టిక్ కుర్చీ వేశారు. ఆ నల్లపొగ సూర్యోదయం దాకా అక్కడే వేలాడింది.

ఏడాదికొక్కనాడు పిడకల మంట వేసుకుంటే నాకు తగువు లేదు. టైరుతో తగువుంది. పండగ మంటల మీద ఏటా పత్రికల్లో చర్చ జరుగుతుంది, మంచిదే. ఏ పండగా లేని మంగళవారాలూ బుధవారాలూ నగరమంతా రగిలే ఆకు కుప్పల మీద కూడా అంత చర్చ జరగాలి.

జనవరి 16, గురువారం

ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు, 2016 తీసి చదివాను. అందులో సంగతి సూటిగానే ఉంది. చెత్తను వీధిలో గాని ఖాళీ జాగాలో గాని పారేయకూడదు, కాల్చకూడదు, పూడ్చకూడదు. తోట చెత్తను ఎవరి ఆవరణలో వాళ్లు విడిగా ఉంచి, స్థానిక సంస్థ చెప్పిన పద్ధతిలో వదిలించుకోవాలి. ఇక మున్సిపాలిటీల బాధ్యతల్లో ఇంకో మాట ఉంది: పార్కుల్లో, తోటల్లో వచ్చే చెత్తను విడిగా పోగుచేసి, వీలైనంతవరకు ఆ పార్కుల్లోనే, ఆ తోటల్లోనే ఎరువుగానో మరొకటిగానో మార్చాలి. నేను కొత్తగా అడగవలసిందేమీ లేదన్నమాట. ఎనిమిదేళ్లుగా చట్టంలో ఉన్నదే అడగాలి.

అదే ఏడాది డిసెంబరు 22న జాతీయ హరిత ట్రిబ్యునల్ బహిరంగంగా చెత్త కాల్చడాన్ని దేశమంతటా నిషేధించింది. మామూలుగా కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 జరిమానా.

ఆ 5,000 ఎవరు కట్టాలి? ఊడ్చే ఆమె కడితే నెల తిండి పోతుంది, మర్నాడు ఆకు మళ్లీ రాలుతుంది. రోడ్డు బోసిగా కనపడాలని హుకుం వేసి, ఆకు పోసే చోటు చూపించని వాళ్లు కట్టాలి. అందులో కాలనీ సంఘం ఉంది, ఇంటి ముందు ఆకు కనపడగానే ఫోను చేసి ఫిర్యాదు చేసే ఇంటివాళ్లూ ఉన్నారు.

జనవరి 19, ఆదివారం

సంఘం సమావేశం. పార్కు వెనక గోడ దగ్గర, బోరు షెడ్డు పక్కన, ఆకు ఎరువుకు ఒక మూల ఇవ్వమని అడిగాను. అభ్యంతరాలు రాసుకున్నాను. ఒక్కటీ కొట్టిపారేయదగ్గది కాదు.

దోమలు. పొగ పెడితే దోమ పోతుందని పెద్దాయన ఒకరు అన్నారు. పొగకు దోమ తప్పుకుంటుంది, నిజమే, పొగ ఆరగానే తిరిగొస్తుంది. దోమ గుడ్లు పెట్టేది నిలవ నీటిలో. కూలర్ తొట్టి, కొబ్బరి చిప్ప, పూలకుండీ కింద పళ్లెం వారానికోసారి బోర్లిస్తే పొగ కంటే గట్టిగా పనిచేస్తుంది. వేపాకు పొగైనా ఊపిరితిత్తులకు పొగే.

పాములు. ఇది నిజమైన భయం. హైదరాబాదు చుట్టూ కొత్త కాలనీలన్నీ ఒకప్పటి గుట్టలూ పొలాలే. అందుకే నేలమీద చెదురుగా కుప్పలు పోయకుండా సన్నకన్ను జాలీలో, ఆట స్థలానికి దూరంగా పోసి, చుట్టూ రెండడుగులు శుభ్రంగా ఉంచాలన్నాను.

బూడిద కూడా ఎరువే కదా అన్నారు మరొకాయన, ఊళ్లో వ్యవసాయం చేసిన మనిషి. ఆయనతో మాట్లాడటం బాగుంది. బూడిదలో పొటాష్, సున్నం మిగులుతాయి. నత్రజని, కర్బనం పొగలో పోతాయి. వరి మడిలో కానుగ రొట్ట, జిల్లేడు రొట్ట వేసి తొక్కించిన రోజులు ఆయనకూ గుర్తే, నాకూ గుర్తే. మా నాన్న కానుగ కొమ్మలు బండికెత్తించేవారు. ఆ రోజుల్లో కానుగ ఆకు కాల్చాడంటే మతిలేనివాడనేవారు. ఆయన కాసేపు ఆలోచించి, "సరేనమ్మా, ఒక మూల ఇద్దాం" అన్నారు. ఆయన మాటతోనే తీర్మానం నెగ్గింది.

జనవరి 24, శుక్రవారం

పార్కులో గడ్డికోత. తోటమాలి భుజానికి పట్టీ వేసుకుని మిషన్‌తో నడుస్తుంటే వెనకాలే నీలం పొగ తోకలా సాగింది. పని అయ్యాక దగ్గర కూర్చుని మిషన్ చూశాను. చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్రోలు, అందులో టూటీ ఆయిల్ కలిపి ఊపుతాడు. కొలత మూతతోనే. పోస్తున్నప్పుడు చేతిమీద కాస్త, గడ్డిమీద కాస్త ఒలుకుతుంది. ఒలికిన పెట్రోలు నిమిషాల్లో ఆవిరై గాలిలో కలుస్తుంది, అది ఇంజన్ పెట్టకముందే జరిగే కాలుష్యం.

టూస్ట్రోక్ ఇంజన్‌లో నూనెకు వేరే చోటు లేదు, పెట్రోలుతోపాటే కాలాలి. పైగా కాలిన పొగ బయటికి పోయే దారి, కొత్త పెట్రోలు లోపలికొచ్చే దారి ఒకేసారి కాసేపు తెరుచుకుని ఉంటాయి. ఆ సందులో కొత్తగా వచ్చిన పెట్రోలులో కొంత కాలకుండానే పొగగొట్టం దాటిపోతుంది. ఆ భాగం మూడోవంతు దాకా ఉండొచ్చని ఇంజన్ల మీద పనిచేసినవాళ్ల లెక్క. నీలం రంగు నూనెది, ముక్కు మండించే వాసన కాలని పెట్రోలుది. ఎండ పడితే ఈ ఆవిర్లే నైట్రోజన్ ఆక్సైడ్లతో కలిసి నేల దగ్గర ఓజోన్‌ను పుట్టిస్తాయి.

మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండ్లన్నీ బీఎస్-6 ప్రమాణానికి వచ్చాయి. స్కూటర్‌కు పొల్యూషన్ సర్టిఫికెట్ లేకపోతే చలాన్ రాస్తారు. పార్కులో తిరిగే ఈ మిషన్‌ను ఆ సర్టిఫికెట్ అడిగేవారే లేరు. మోసేవాడి ముఖానికీ పొగగొట్టానికీ మధ్య మూడడుగులు కూడా ఉండదు.

జనవరి 26, ఆదివారం

శాన్ హోసే నుంచి అబ్బాయి ఫోను. మిషన్ సంగతి చెప్పాను. వాళ్ల వీధిలో ఆకు ఊదే మిషన్ల మోత ఈమధ్య తగ్గిందట, తోటపని చేసేవాళ్లు చాలామంది బ్యాటరీవి తెచ్చుకుంటున్నారట.

కాలిఫోర్నియాలో 2021లో చట్టం చేశారు. 2024 మోడల్ నుంచి అక్కడ కొత్తగా అమ్మే గడ్డికోత యంత్రాలు, ఆకు ఊదే యంత్రాలు పొగ విడవకూడదు. ఇళ్లలో ఉన్న పాతవి వాడుకోవచ్చు. అక్కడి ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ప్రజలకు అర్థమయ్యేలా ఒక లెక్క చెప్పింది: పెట్రోలుతో నడిచే పెద్ద బ్లోయర్‌ను ఒక గంట వాడితే, 2017 నాటి కారును సుమారు 1,100 మైళ్లు నడిపినప్పుడు వచ్చేంత స్మాగ్ కారక కాలుష్యం వస్తుంది. మన లెక్కలో 1,770 కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి ఢిల్లీకి కారులో వెళ్లినా ఇంకా మిగిలే దూరం. గడ్డికోత మిషన్ గంటకు 300 మైళ్లు.

నాకు ఇంకా ముఖ్యమనిపించింది వేరే. ఆ రాష్ట్రం చట్టంతోపాటు చిన్న తోటపని వ్యాపారులు బ్యాటరీ మిషన్లకు మారడానికి 3 కోట్ల డాలర్లు పక్కన పెట్టింది. దాని వెనక చరిత్ర ఉంది. లాస్ ఏంజెలెస్ నగరం ఇళ్ల దగ్గర పెట్రోలు బ్లోయర్లను నిషేధించినప్పుడు, 1998 జనవరిలో అక్కడి లాటినో తోటమాలులు నగర కార్యాలయం ముందు నిరాహారదీక్షకు కూర్చున్నారు. పచ్చిక ఇంటి యజమానిది, శుభ్రత ఆయనకు కావాలి, శిక్ష మాత్రం కూలివాడికి. వాళ్ల బాధ న్యాయమైనది. మన దగ్గర ఎవరైనా ఇలాంటి నిబంధన రాస్తే మొదటి పేజీలోనే తోటమాలికి మిషన్ ఎవరు కొనిపెడతారో రాయాలి.

ఫిబ్రవరి 2, ఆదివారం

జాలీ కట్టాం. నాలుగు ఇనుప పైపులు పాతి, చుట్టూ కోళ్ల జాలీ. ముందువైపు తెరుచుకునేలా కొక్కేలు. నడుమెత్తు కంటే ఒక జానెడు ఎక్కువ. ఇంతకంటే ఖరీదైనదేదీ అక్కర్లేదు.

అడుగున ఎండుకొమ్మలు, గాలి ఆడటానికి. ఆ పైన జానెడు ఆకు, దానిమీద పేడనీళ్లు, మళ్లీ ఆకు. ఎండుటాకులో కర్బనం మెండు, నత్రజని కొంచెం. అది ఒంటరిగా కుళ్లడానికి ఏడాది తీసుకుంటుంది. వంటింటి తొక్కలు, పచ్చి గడ్డికోత, పేడ, పులిసిన మజ్జిగ, ఏదైనా తోడిస్తే తొందరపడుతుంది. ముప్ఫై వంతుల కర్బనానికి ఒక వంతు నత్రజని ఉంటే సూక్ష్మజీవులకు సరిపోతుంది. చేతిలెక్క: మూడు తట్టలు ఎండుటాకు, ఒక తట్ట పచ్చిది. తడి ఎంతుండాలంటే, గుప్పెట్లో పట్టి పిండితే చెయ్యి తడవాలి, నీళ్లు కారకూడదు.

ఊడ్చే ఆమె మొదటి తట్ట పోసింది. "గిదేనా? గింతదానికి ఇన్నేండ్లు కాలవెట్టినమా?" అంది.

తట్ట మోసుకుని పార్కు దాకా రావాలంటే ఆమెకు అదనపు నడక. దానికి సంఘం నెలకు కొంత ఇవ్వాలని, చేతి తొడుగులు, చక్రాల బండి కొనాలని పట్టుబట్టాను. ఒప్పుకున్నారు. బండి వచ్చింది, తొడుగులు ఇంకా రాలేదు.

ఫిబ్రవరి 6, గురువారం

తెల్లవారి జాలీ తలుపు తీసి, పారతో పక్కకు లాగి, కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టాను. లోపల వేడి. స్నానానికి కాచిన నీళ్లంత. ఎక్కువసేపు పెట్టలేకపోయాను. తీసిన చేతికి బూజు దారాలు తెల్లగా అంటుకున్నాయి, వాసన చూస్తే తొలకరి మట్టి. కుప్ప మీద సన్నగా ఆవిరి లేస్తుంటే వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు, ఎవరో నిప్పంటించారనుకున్నాడట. చెయ్యి పెట్టి చూడమన్నాను. చూసి నవ్వాడు.

ఇది సూక్ష్మజీవుల వేడి. 55, 60 డిగ్రీల దాకా పోతుంది, కలుపు గింజలు చాలావరకు చచ్చిపోతాయి. వారానికోసారి తిరగెయ్యాలి. గాలి ఆడకపోతే లోపల మురుగుతుంది, మీథేన్ పుడుతుంది, కంపు కొడుతుంది. అప్పుడు మనం ఒక కాలుష్యం మాని ఇంకోటి మొదలుపెట్టినట్టవుతుంది. కంపు వస్తే మందు ఒక్కటే, ఎండుటాకు కలిపి తిరగెయ్యడం.

ఫిబ్రవరి 11, మంగళవారం

ఎదుటి గేటెడ్ కాలనీకి కడియం నర్సరీల నుంచి లారీలో పచ్చిక పలకలు దిగాయి. పరిచారు, నీళ్లు పెట్టారు, చూడటానికి బాగుంది. ఇక దానికి వారం వారం కోత కావాలి, కోతకు పెట్రోలు కావాలి. పిల్లలు ఆడుకునే చోట పచ్చిక ఉండాలి, కాదనను. ఎవరూ కాలుపెట్టని గేటు పక్క ముక్కలో, మీటరు బాక్సుల చుట్టూ ఎందుకు? అక్కడ నందివర్ధనం, మందారం, తులసి వేస్తే కోత ఉండదు, మిషన్ రాదు. పచ్చికలో కూడా మన గరిక ఉంటే మూడంగుళాలు పెరగనివ్వచ్చు. నున్నగా గొరిగించాలని ఎవరు చెప్పారు?

ఫిబ్రవరి 14, శుక్రవారం

బైపాస్ పొడుగునా కోనోకార్పస్ కంచెలు కత్తిరిస్తున్నారు. తొందరగా పెరుగుతుందనే దాన్ని తెచ్చారు, తొందరగా పెరుగుతుంది కాబట్టే దాని చుట్టూ ఎప్పుడూ మిషన్ తిరుగుతుంటుంది. పుప్పొడితో తుమ్ములు, ఆయాసం అని ఫిర్యాదులు. తెలంగాణలో హరితహారంలో దీన్ని నాటడం మానుకున్నారు, గుజరాత్ 2023లో నిషేధించింది. కొత్తగా కంచె వేసుకునేవాళ్లు గోరింట వేసుకోవచ్చు. కత్తిరించిన కొమ్మ కూడా ఆషాఢంలో ఇంటికి పనికొస్తుంది.

ఫిబ్రవరి 20, గురువారం

ఆకు కావాలని మనుషులొస్తున్నారు! మిద్దెతోటల వాళ్లు. కుండీల్లో మట్టి మీద రెండంగుళాల ఎండుటాకు పరిస్తే వేసవిలో తేమ నిలుస్తుంది, మట్టి కాగిపోదు. కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి నారపల్లిలో తన ఇంటి కప్పు మీద కూరగాయలు పండించి, మిద్దెతోట అన్న మాటను తెలుగు ఇళ్లలోకి తెచ్చారు. ఇప్పుడు హైదరాబాదులోనే కాదు, విజయవాడ, విశాఖ, వరంగల్ మిద్దెల మీద కూడా వంగ, బెండ, ఆకుకూరలు పండుతున్నాయి. వాళ్లంతా కోకోపీట్, వర్మికంపోస్టు డబ్బు పెట్టి కొంటున్నారు. అదే వీధిలో కింద ఆకు కాలుతోంది.

పుణెలో అదితి దేవధర్ ఈ రెండు కొసలనూ ముడివేశారు. ఆకు ఎక్కువైనవాళ్లనూ ఆకు కావలసినవాళ్లనూ కలపడమే ఆవిడ మొదలుపెట్టిన బ్రౌన్ లీఫ్ పని. గోనెసంచుల్లో నింపి గేటు దగ్గర పెడితే కావలసినవాళ్లు పట్టుకుపోతారు. మా కాలనీ వాట్సాప్ గ్రూపులో నేనూ అదే పెట్టాను. సాయంత్రానికి గేటు దగ్గర సంచులు ఖాళీ.

ఫిబ్రవరి 26, బుధవారం

శివరాత్రి. చలి శివశివా అంటూ పోయింది. ఇక పొగ కాస్త పైకి పోతుంది, మంట మాత్రం అదుపులో ఉండదు. ఖాళీ ప్లాట్లలో నిలువెత్తు వయ్యారిభామ, ఎండుగడ్డి. శుభ్రం చేయించడం ఖర్చని ఎవరో ఒకరు అంటిస్తారు. అందులో ప్లాస్టిక్ కవర్లూ కాలతాయి, తొండలూ పిట్టగూళ్లూ కాలతాయి.

మార్చి 4, మంగళవారం

మిట్టమధ్యాహ్నం పార్కు పచ్చిక మీద యూరియా చల్లారు. నీళ్లు సాయంత్రం పెడతారట. వంగి వాసన చూస్తే ముక్కు చురుక్కుమంది. అమోనియా. ఎండలో, పైపైన చల్లిన యూరియాలో నత్రజని ఇలా ఎగిరిపోతుంది, అది గాలిలోని ఆమ్లాలతో కలిసి మళ్లీ సన్నని నుసే అవుతుంది. మట్టిలో మిగిలిన దాంట్లో కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా పైకి పోతుంది, వందేళ్ల లెక్కలో బొగ్గుపులుసు వాయువు కంటే 273 రెట్లు వేడి పెంచే వాయువది. డబ్బు పెట్టి కొన్న ఎరువు గాలిపాలు. యూరియా తప్పదనుకుంటే సాయంకాలం చల్లి వెంటనే తడపాలి. ఆకు ఎరువు తయారైతే దాని అవసరమే తగ్గుతుంది.

మార్చి 9, ఆదివారం

ఒక దుకాణం నుంచి బ్యాటరీ గడ్డికోత మిషన్ ఒక పూట తెప్పించాం. తోటమాలే పరీక్షించాలని నా షరతు. రోజంతా మోసేది అతను, తీర్పూ అతనిదే.

"వాసన లేదమ్మా. చెయ్యి జుమ్మనడం లేదు. మాట వినబడతంది. కానీ తడిగడ్డి, నిలువెత్తు గడ్డికి ఆగిపోతంది. ఇంకో బ్యాటరీ ఉంటే గానీ మన పార్కు ఒక్క పూటలో కాదు."

అంతకంటే మంచి నివేదిక ఎవరూ ఇవ్వలేరు. రెండు బ్యాటరీలతో కొనాలని, గడ్డి నిలువెత్తు కాకముందే కోయాలని, గోడ పక్క మొండిగడ్డికి కొడవలే వాడాలని రాసి సంఘానికి ఇచ్చాను. కరెంటు కూడా బొగ్గు నుంచే కదా అన్నారు ఒకరు. చాలావరకు అంతే. అయినా విద్యుత్ కేంద్రం పొగగొట్టానికి ఫిల్టర్లుంటాయి, ఎత్తుంటుంది. ఇతని మూతి దగ్గర ఉండదు.

ఊదే మిషన్ మాత్రం బ్యాటరీదైనా వద్దన్నాను. పొగ పోయినా దుమ్ము లేపుతుంది. వీధి దుమ్ములో టైర్ల నుసి, బ్రేకుల నుసి, ఎండిన పేడ అన్నీ ఉంటాయి. మన ఇళ్లలో ఊడ్చిన వాకిట్లో కల్లాపి చల్లేది దుమ్ము అణగడానికి కూడా. రోడ్డు ఊడ్చేముందు నాలుగు చెంబుల నీళ్లు చిలకరించినా ఊడ్చేవాళ్ల ముక్కు బతుకుతుంది.

మార్చి 15, శనివారం

కానుగలు ఒక్కసారిగా రాలాయి. జాలీ నిండిపోయి పక్కన పొర్లుతోంది. నిన్న ఉదయం పార్కు అవతలి వీధిలో మళ్లీ పొగ. వెళ్లి చూస్తే ఆ వీధి ఊడ్చేది వేరే మనిషి, కొత్తగా వచ్చాడు, జాలీ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పాక ఆర్పేశాడు. జాలీ ఎక్కడుందని మాత్రమే అడిగాడు.

రెండో జాలీకి పైపులు తెప్పిస్తున్నాం.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 'సమీర్' యాప్‌లో నగరం గాలి ఇవాళ ఫర్వాలేదని చూపిస్తోంది. హైదరాబాదు 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమంలో, ప్రమాణాలు అందుకోని నగరాల జాబితాలో ఉంది. 2.5 మైక్రాన్ల లోపు నుసికి మన దేశం రోజు సగటుకు పెట్టుకున్న హద్దు ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 15. ఆ కొలతలన్నీ ఎక్కడో ఉన్న యంత్రం దగ్గర, ఇరవై నాలుగ్గంటల సగటు. ఆరున్నరకు మా వీధి మలుపులో ఊడ్చే మనిషి పీల్చింది ఏ సగటులోనూ కనపడదు.

మార్చి 21, శుక్రవారం

మొదటి కుప్ప అడుగు తీసి చూశాం. పూర్తి కాలేదు. పైన ఆకు ఈనెలు ఇంకా తెలుస్తున్నాయి, అడుగున మాత్రం నల్లగా, పొడిపొడిగా, వేళ్ల మధ్య నలిగిపోతోంది. రోకలిబండలు, వానపాములు చేరాయి. ఎండాకాలం మధ్యలో మొదటి ఎరువు జల్లెడ పట్టొచ్చు. తోటమాలి గుప్పెడు తీసుకెళ్లి గులాబీ మొదట్లో వేశాడు, ఆగలేక.

చేతి తొడుగులు వచ్చాయి. ఊడ్చే ఆమెకు దగ్గు తగ్గిందా అంటే, "మా బస్తీల పొయ్యి పొగ ఉంది కదమ్మా, అది యాడికి పోతది?" అంది. పొద్దుటి పొగ మాత్రం ఇప్పుడు లేదు. సంఘం ఆమెకిచ్చే అదనపు డబ్బు ఈ నెల మూడు రోజులు ఆలస్యమైంది. వచ్చే నెల కాకూడదు, గుర్తుచేయాలి.

మార్చి 28, శుక్రవారం

పక్క కాలనీవాళ్లు వచ్చి జాలీ కొలతలు రాసుకున్నారు. వాళ్లకు చెప్పినవే ఇక్కడా రాస్తున్నాను, ఇది చదివే ఎవరికైనా పనికొస్తాయి. జాలీ పార్కు మూలనే పెట్టండి, దూరమైతే తట్ట అక్కడికి చేరదు, అగ్గిపుల్లే దగ్గరవుతుంది. వీధి ఊడ్చేవాళ్లందరికీ, కొత్తగా వచ్చినవాళ్లకు కూడా, స్వయంగా చూపించండి. తిరగేసే పనికి కూలి ఇవ్వండి, సేవ అని ఊరికే చేయించుకోవద్దు. ఇంటి గేటు ముందు నాలుగు ఆకులు కనపడితే ఫిర్యాదు చేయకండి, అవి రేపటికి జాలీలోకి పోతాయి. మళ్లీ బాదం ఆకు ఎర్రబడేలోగా, డిసెంబరులోపే ఈ ఏర్పాటు చేసుకోండి. జనవరిలో సమావేశం పెట్టుకుంటే అప్పటికే ఆకు కాలుతుంటుంది.